ఊరికే దొరికే చదువు ఊరికే రాదు

ఆ మధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగుతుండగా మా మొహల్లా దర్జీ ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచాడు. "భాయ్‌సాబ్, మా పెద్దవాడు డిగ్రీ పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ నేర్పించి ఉద్యోగం కూడా చూపిస్తామంటున్నారు. ఫీజు డెబ్బై వేలట. హాస్టలు ఖర్చు వేరే. వాళ్ళ అమ్మీ తన గాజులు ఇస్తానంటోంది. కట్టమంటారా?" అని అడిగాడు.

మేము వెంటనే ఏమీ చెప్పలేదు. ఆ కోర్సు కాగితం తెప్పించుకొని చూశాము. రెండు పేజీల నిండా పెద్ద పెద్ద పేర్లున్నాయి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, పైథాన్, డేటాబేస్... ఇలా సాగిపోయింది జాబితా. మాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ కాగితం చూపించాము. ఆయన నవ్వి, "ఇందులో ఉన్న ప్రతి పాఠమూ ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. నేర్పేవాళ్ళు కూడా సామాన్యులు కారు, ఐఐటీ ప్రొఫెసర్లు" అన్నాడు.

ఆ శుభవార్తే తీసుకెళ్ళి దర్జీకి వినిపించాము. ఆయన ముఖంలో సంతోషానికి బదులు అనుమానం కనిపించింది. "ఊరికే దొరికేదాంట్లో ఏముంటుంది భాయ్‌సాబ్? అంత మంచిదైతే ఊరికే ఎందుకిస్తారు?" అన్నాడు.

ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. డిగ్రీ చేతికొచ్చిన పిల్లలున్న ప్రతి ఇంటి ప్రశ్న. అప్పుచేసి, బంగారం తాకట్టు పెట్టి ఫీజులు కడుతున్న వందలాది తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్న. కనుక దీనికి తీరికగా సమాధానం వెతకడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఊరికే ఎందుకిస్తున్నారు?

ఒకప్పుడు ఫీజు కట్టక తప్పని పరిస్థితి ఉండేదన్నమాట నిజమే. 1990ల చివర్లో, 2000 సంవత్సరం రాకతో కంప్యూటర్లలో తేదీల చిక్కు తలెత్తుతుందని ప్రపంచమంతా హడావుడి పడుతున్న రోజుల్లో, ప్రోగ్రామింగ్ తెలిసినవారికి విపరీతమైన గిరాకీ ఏర్పడింది. ఆ గిరాకీలోనే హైదరాబాద్ అమీర్‌పేట సందులు శిక్షణా కేంద్రాలతో నిండిపోయాయి. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఇంటర్నెట్ లేదు, పుస్తకం కొందామంటే మధ్యతరగతికి అందని ధర. అలాంటి రోజుల్లో ఆ కేంద్రాలు ఎన్నో ఇళ్ళలో దీపం వెలిగించాయి. ఆ మేలును మరచిపోవడం న్యాయం కాదు. నేటికీ అక్కడ శ్రద్ధగా చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారు.

అయితే ఆ తర్వాత పరిస్థితి పూర్తిగా మారిపోయింది. అమెరికాలోని ప్రఖ్యాత సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ తన పాఠ్యాంశాలను ప్రపంచమంతటికీ ఉచితంగా తెరిచిపెడతానని 2001లో ప్రకటించింది. మన దేశంలో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించాయి. కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో 'స్వయం' అనే వేదికను నెలకొల్పింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మొబైల్ డేటా ధరలు నేలకు దిగాయి. అంటే పాఠమూ చవకైంది, ఆ పాఠం ఇంటికి చేరే దారీ చవకైంది. మన ఆలోచన మాత్రం 1999 దగ్గరే ఆగిపోయింది.

ఇక ఊరికే ఎందుకిస్తున్నారన్న ప్రశ్న. ఇచ్చేవారు మూడు రకాలు.

మొదటిది ప్రభుత్వం. ఎన్‌పీటెల్, స్వయం, ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రజాధనంతో తయారైనవి. మన దర్జీ దారపు ఉండ కొన్నప్పుడు కట్టే పన్ను కూడా అందులో ఉంది. కాబట్టి అవి ఎవరో మనకు వేస్తున్న భిక్ష కాదు. ఇప్పటికే ధర చెల్లించి, ఇంటికి తెచ్చుకోకుండా దుకాణంలోనే వదిలేసిన సరుకు.

రెండవది విశ్వవిద్యాలయాలు, దాతల విరాళాలతో నడిచే సేవాసంస్థలు. ఖాన్ అకాడమీ ఇలాంటిదే. దాని స్థాపకుడి పేరు సల్మాన్ ఖాన్. సినిమా నటుడు కాదు, అమెరికాలో పుట్టిన ఒక బెంగాలీ కుటుంబపు బిడ్డ. 2004లో తన బంధువుల అమ్మాయికి లెక్కలు అర్థం కావడం లేదంటే దూరం నుంచే కంప్యూటర్ ద్వారా చెప్పడం మొదలుపెట్టాడు. మిగతా బంధువుల పిల్లలూ చేరారు. 2006లో ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. ఒక్క అమ్మాయి లెక్కల బాధ చివరికి లోకానికంతటికీ బడిగా మారింది. చుట్టాల పిల్లల చదువు పట్టించుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి!

మూడవది కంపెనీలు. మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటివి తమ పరికరాలు వాడడం ఉచితంగా నేర్పిస్తాయి. ఇందులో వారి స్వార్థం ఉంది. కుట్టుమిషను కంపెనీ వాడు వచ్చి మిషను నడపడం ఊరికే నేర్పితే దర్జీకి ఆశ్చర్యం కలగదు కదా! నేర్చుకున్నవాడు రేపు ఆ మిషనే కొంటాడని కంపెనీకి తెలుసు. ఆ స్వార్థం మనకు తెలిసి ఉంటే చాలు. విద్యను తీసుకోవచ్చు, వ్యామోహాన్ని వదిలెయ్యవచ్చు.

అసలు జ్ఞానం ఇలా చేతులు మారడం కొత్తేమీ కాదు. కంప్యూటర్ శాస్త్రానికి గుండెకాయ వంటి 'అల్గారిథమ్' అనే మాట తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. ఆయన వివరించిన అంకెల పద్ధతి భారతదేశం నుంచి వెళ్ళినదే. ఆయన గ్రంథాలు పన్నెండవ శతాబ్దంలో లాటిన్ భాషలోకి మారి ఐరోపాకు చేరాయి. ఇక్కడి అంకె అక్కడికి, అక్కడి లెక్క ఇంకొకచోటికి వెళ్ళింది. ఊరికే వచ్చింది కదా అని ఎవరూ దాన్ని చులకన చేయలేదు. సభల్లో ఆ మహనీయుని పేరు చెప్పుకొని గర్వపడడం మనకు అలవాటైంది. ఆయన పేరు మీద వెలసిన విద్య మన ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడితే మాత్రం లోపలికి రమ్మనడం లేదు.

ఎక్కడ ఏముంది?

ఉచితం అని వెతికితే వేల పేర్లు కనిపిస్తాయి. వాటిలో నమ్మదగినవి, బాగా నడుస్తున్నవి కొన్నింటిని మాత్రమే ఇక్కడ చెబుతున్నాము.

ఇంగ్లీషు అంటే బెరుకు ఉన్నవారు స్పోకెన్ ట్యుటోరియల్‌తో మొదలుపెట్టవచ్చు. ఒక్కొక్క పాఠం పది నిమిషాల చిన్న వీడియో. చాలా పాఠాలకు తెలుగు వ్యాఖ్యానం ఉంది. లినక్స్, సీ, జావా, పైథాన్ వంటివన్నీ ఉన్నాయి. ఒక పక్క వీడియో నడుస్తుండగా మరో పక్క అదే పని తన చేతితో చేస్తూ పోవాలి. పాఠాలను దించుకొని పెట్టుకుంటే ఇంటర్నెట్ లేనప్పుడు కూడా చూడవచ్చు. తెలుగు మాధ్యమంలో, ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇది మంచి మెట్టు.

రెండవది ఎన్‌పీటెల్. ఏటా జనవరి, జూలై నెలల ప్రాంతంలో కొత్త కోర్సులు మొదలవుతాయి. కొత్తవారికి ఐఐటీ రోపర్ ఆచార్యులు సుదర్శన్ అయ్యంగార్ చెప్పిన 'ది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' బాగుంటుంది. ఆ తర్వాత చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ చెప్పిన పైథాన్, డేటా స్ట్రక్చర్ల పాఠాలు వినవచ్చు. చేరడం, వినడం, వారం వారం ఇచ్చే అభ్యాసాలు చేయడం అన్నీ ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రం వెయ్యి రూపాయల ప్రాంతంలో రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్ళి పరీక్ష రాయాలి. మొత్తం మార్కులలో నాలుగో వంతు అభ్యాసాలకు, మూడు వంతులు పరీక్షకు ఇస్తారు. కూర్చొని రాసిన పరీక్ష కాబట్టి ఆ కాగితానికి కొంత విలువ ఉంది.

మూడవది హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సీఎస్50. డేవిడ్ మలాన్ అనే ఆచార్యుడు చెప్పే ఈ కోర్సు సున్నా వారం నుంచి మొదలవుతుంది. పిల్లలు బొమ్మలతో ఆడుకునే స్క్రాచ్‌తో ఆరంభించి సీ, పైథాన్, ఎస్‌క్యూఎల్ దాకా తీసుకుపోతుంది. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో ఇంత ఇష్టంగా చెప్పే పాఠం అరుదు. పని పూర్తిచేసినవారికి కోర్సు నిర్వాహకులే ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తారు. ఎడెక్స్ ద్వారా తీసుకొనే సర్టిఫికెట్‌కు మాత్రం రుసుము ఉంటుంది. రెండింటికీ తేడా తెలియక డబ్బు కట్టినవారిని మేము చూశాము.

నాలుగవది, వెబ్‌సైట్ల తయారీ నేర్చుకోదలచినవారికి ఫ్రీకోడ్‌క్యాంప్. 2014లో మొదలైన ఈ సేవాసంస్థ పాఠాలు, అభ్యాసాలు, సర్టిఫికెట్లు అన్నీ ఉచితమే. అక్కడ వీడియో చూస్తూ కూర్చోవడం కుదరదు, ప్రతి అడుగులోనూ మనమే రాయాలి. దీని తర్వాత ఇంకా లోతుగా వెళ్ళాలనుకుంటే ది ఓడిన్ ప్రాజెక్ట్ ఉంది. రాసేటప్పుడు సందేహం వస్తే చూసుకోవడానికి మొజిల్లా వారి ఎండీఎన్ నిఘంటువులా పక్కనుండాలి.

వీటితో పాటు ఇన్ఫోసిస్ వారి స్ప్రింగ్‌బోర్డ్, మైక్రోసాఫ్ట్ లెర్న్ వంటివి కూడా ఉచితంగా నడుస్తున్నాయి. పుస్తకం చదివే అలవాటున్నవారికి అల్ స్వైగార్ట్ రాసిన 'ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' అనే పుస్తకాన్ని రచయితే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాడు. ఆఫీసుల్లో విసుగు పుట్టించే పనులను ప్రోగ్రాముతో ఎలా చేయించవచ్చో అందులో ఉంది.

ఒక హెచ్చరిక. 'ఉచితం' అని బోర్డు పెట్టి, మూడో పాఠం దగ్గర కార్డు నెంబరు అడిగేవారు కూడా ఉన్నారు. కార్డు వివరాలు అడిగారంటే అక్కడ ఆగి, ఇంట్లో పెద్దవారిని అడిగి గాని ముందుకు వెళ్ళకూడదు.

ఏరుకోవడం కాదు, పూర్తి చేయడం

ఇంత విద్య ఊరికే దొరుకుతున్నప్పుడు మన మొహల్లాలన్నీ సాఫ్ట్‌వేర్ నిపుణులతో నిండిపోవాలి కదా! ఎందుకు నిండలేదు?

మేము కొంతమంది యువకులను కూర్చోబెట్టి అడిగాము. ఒక అబ్బాయి తన ఫోను చూపించాడు. అందులో పదిహేడు కోర్సుల్లో పేరు నమోదు చేసుకొని ఉన్నాడు. ఒక్కటీ నాలుగో పాఠం దాటలేదు. పైథాన్ కష్టంగా ఉందని జావాకు వెళ్ళాడు. జావాకు ఇప్పుడు గిరాకీ లేదని ఎవరో అంటే మరో దానికి వెళ్ళాడు. ఇది చదువు కాదు. సంతలో తిరుగుతూ ప్రతి దుకాణంలోనూ బేరమాడి, ఏమీ కొనకుండా ఇంటికి రావడం లాంటిది. ఇటువంటి ఉచిత కోర్సుల్లో చేరేవారితో పోలిస్తే చివరిదాకా వెళ్ళేవారు ఎంతో తక్కువన్నది ప్రపంచమంతటా ఉన్న అనుభవమే.

ఇన్‌స్టిట్యూట్‌లో ఏది లభిస్తుందో, ఇంట్లో ఏది లభించదో ఇక్కడే అర్థమవుతుంది. పాఠం రెండు చోట్లా ఉంది. కాని అక్కడ ఉదయం ఏడు గంటలకు వెళ్ళి కూర్చోక తప్పదు. పక్కన పదిమంది ఉంటారు. కట్టిన డబ్బు గుర్తుకొచ్చి వెనక్కి రానివ్వదు. అంటే మనం డెబ్బై వేలు కడుతున్నది పాఠానికి కాదు, క్రమశిక్షణకు, తోడుకు. ఆ రెండూ ఇంట్లోనే సమకూర్చుకోగలిగితే గాజులు చేతికే ఉంటాయి.

లెక్క వేసి చూద్దాం. ఒక మంచి ప్రాథమిక కోర్సుకు మూడు వందల గంటల పని పడుతుందనుకుందాం. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు కూర్చుంటే వారానికి పన్నెండు గంటలు. ఇరవై అయిదు వారాల్లో, అంటే సుమారు ఆరు నెలల్లో అది పూర్తవుతుంది. ఇన్‌స్టిట్యూట్ చెప్పిన గడువు కూడా ఆరు నెలలే! కాకపోతే ఆ రెండు గంటలు నిజంగా రెండు గంటలై ఉండాలి. ఫజ్ర్ నమాజు తర్వాత ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ సమయం కంటే మంచి సమయం మాకు కనిపించడం లేదు.

ఇంకొక మాట. ప్రోగ్రామింగ్ చూసి నేర్చుకునే విద్య కాదు. పదిమంది ఈత కొడుతుంటే గట్టున నిలబడి చూసినవాడికి ఈత రాదు. ప్రతి పాఠం తర్వాత వీడియో మూసేసి, అదే ప్రోగ్రామును ఖాళీ తెర మీద మళ్ళీ రాయాలి. తప్పులు వస్తాయి. ఆ తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకునే పనిలోనే విద్య దాగి ఉంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి మరో చిక్కు మొదలైంది. అడిగితే ప్రోగ్రాము అదే రాసి ఇస్తోంది. దాన్ని ఉస్తాద్‌లా వాడుకుంటే ఎంతో మేలు. "ఈ తప్పు ఎందుకు వచ్చింది, తేలిక మాటల్లో చెప్పు" అని తెలుగులోనే అడగవచ్చు. కాని హోంవర్కు దానిచేత రాయించుకొని మార్కులు తెచ్చుకుంటే, ఇంటర్వ్యూలో నోరు పెగలదు. పైగా అది ధీమాగా తప్పులు కూడా చెబుతుంది. తప్పును గుర్తించాలంటే ముందు మనకు విద్య ఉండాలి.

కోర్సు సగానికి వచ్చాక సొంతంగా ఒక పని చేసి చూడాలి. ఎక్కడో ఉన్న కంపెనీ కోసం కాదు, మన చుట్టూ ఉన్న అవసరం కోసం. దర్జీ కొట్టులో కొలతల పుస్తకం ఉంటుంది, దాన్ని ప్రోగ్రాముగా మార్చవచ్చు. కిరాణా కొట్టు ఖాతాల లెక్క, మొహల్లా పిల్లల ట్యూషను హాజరు, మస్జిదు నమాజు వేళల పేజీ... ఇలాంటివి ఎన్నో. తయారైనదాన్ని గిట్‌హబ్‌లో ఉంచుకుంటే ఉద్యోగమిచ్చేవారు కూడా చూస్తారు. పది సర్టిఫికెట్ల కంటే పనిచేస్తున్న ఒక్క ప్రోగ్రాము గట్టిగా మాట్లాడుతుంది.

ఇల్లు చెల్లించవలసిన ఫీజు

పిల్లలు చేయవలసింది చెప్పాము. ఇప్పుడు పెద్దల వంతు. ఊరికే దొరికే చదువుకు కూడా ఒక ఫీజు ఉంది, అది ఇల్లే చెల్లించాలి.

మొదటిది యంత్రం. ఫోను మీద పాఠం వినవచ్చు గాని ప్రోగ్రాము రాయడం నేర్చుకోలేరు. కొత్త ల్యాప్‌టాప్ కొనే శక్తి లేకపోతే, తెలిసినవారి చేత చూపించి వాడిన ల్యాప్‌టాప్ కొనవచ్చు. పాతది నెమ్మదిగా నడుస్తుంటే ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే చాలావరకు కుదుటపడుతుంది. గూగుల్ కోల్యాబ్ వంటివాటిలో పైథాన్ ప్రోగ్రాము మన యంత్రం మీద భారం లేకుండా ఇంటర్నెట్‌లోనే నడుస్తుంది. ఇన్‌స్టిట్యూట్ ఫీజులో మూడో వంతు కూడా కాదు ఈ ఖర్చు. పైగా వస్తువు ఇంట్లోనే ఉంటుంది, తమ్ముడికీ చెల్లికీ పనికొస్తుంది.

రెండవది చోటు. మన ఇళ్ళు చిన్నవి. ఒకే గదిలో టీవీ, వంట, అతిథులు, పసిపిల్లలు. అందులో ఒక మూల, రోజుకు రెండు గంటలు, ఎవరూ పిలవకుండా కేటాయించగలమా? "కంప్యూటర్ ముందు ఊరికే కూర్చున్నావు, పాలు తెచ్చిపెట్టు" అనకుండా ఉండగలమా? కొడుకు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తే చదువుకుంటున్నాడని, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఖాళీగా ఉన్నాడని అనుకుంటాము. ఈ ఆలోచన మారాలి.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. మన ఆడపిల్లలు. ఇంటర్‌లో, డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకొని, నగరానికి ఒంటరిగా పంపలేక ఇంట్లో నిలిచిపోయిన అమ్మాయిలు ఎంతమంది లేరు? హాస్టలు వద్దు, దూరం వద్దు, రాత్రి బస్సు వద్దు అని మనం చెప్పిన అభ్యంతరాలన్నీ ఈ ఉచిత చదువు తీర్చేసింది. పాఠం గడప దాటి లోపలికే వచ్చింది. ఇంకా చదవలేకపోతోందంటే కారణం ఇక ఊరు కాదు, ఇల్లే.

మేము మాట్లాడిన ఒక అమ్మాయి మాటలు మమ్మల్ని ఇప్పటికీ వెంటాడుతున్నాయి. "అన్నయ్య చదువుకునేటప్పుడు తలుపు మూస్తారు. నేను చదువుకునేటప్పుడు తలుపు తీసి పిలుస్తారు" అన్నది ఆ బిడ్డ. అందులో ఫిర్యాదు లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. మనమే తలదించుకోవాలి. ఇంటి నుంచే సంపాదించుకోగల విద్యల్లో ఇది ఒకటి. రేపు పెళ్ళయి ఏ ఊరు వెళ్ళినా వెంట వెళ్ళే ఆస్తి ఇది. ఆమెకు రెండు గంటలు తలుపు మూసి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.

దొడ్డిదారి వద్దు

ఇక చేదు మాటలు కొన్ని చెప్పక తప్పదు.

ఈ చదువు పూర్తిచేసిన ప్రతివారికీ ఉద్యోగం వస్తుందని మేము హామీ ఇవ్వము. అటువంటి హామీ ఎవరిచ్చినా నమ్మవద్దని కూడా చెబుతున్నాము. కొత్తవారిని చేర్చుకోవడంలో కంపెనీలు మునుపటి ఊపు చూపడం లేదు. ప్రాథమిక స్థాయి పనులు కొన్నింటిని కృత్రిమ మేధ చేసేస్తోంది. నేర్చుకున్న ఏడాదికి గాని మొదటి అవకాశం రానివారు ఉన్నారు. అది కూడా చిన్న కంపెనీలో, చిన్న జీతానికి కావచ్చు.

ఈ నిరాశనే పెట్టుబడిగా చేసుకొని కొందరు వ్యాపారం చేస్తున్నారు. లేని కంపెనీలో మూడేళ్ళు పనిచేసినట్టు కాగితాలు తయారుచేసి ఇస్తారు. ఇంటర్వ్యూలో అభ్యర్థికి బదులు మరొకరు జవాబు చెప్పే ఏర్పాటు చేస్తారు. దానికి లక్షలు తీసుకుంటారు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే మోసపోయింది. పిల్లవాడు చేరిన నాలుగో నెలలో కంపెనీ వారు భవిష్యనిధి ఖాతా వివరాలు పరిశీలించారు. కాగితం మీద ఉన్న ఉద్యోగం ఖాతాలో లేదు. ఆ సాయంత్రమే బయటికి పంపించేశారు. డబ్బు పోయింది, పేరు పోయింది. ఆ తండ్రి మొహల్లాలో తలెత్తి నడవడానికి చాలా రోజులు పట్టింది.

హలాల్ సంపాదన గురించి మనం భోజనం దగ్గర ఎంతో జాగ్రత్తగా ఉంటాము. మాంసం ఎక్కడ తెచ్చారని అడుగుతాము. జీతం ఏ కాగితం చూపించి తెచ్చాడని కూడా అడగాలి కదా! అబద్ధపు అనుభవంతో మొదలైన ఉద్యోగంలో ప్రతి ఉదయమూ భయమే. నిజంగా నేర్చుకున్నవాడికి ఉద్యోగం ఆలస్యం కావచ్చు గాని, రాత్రి నిద్ర పడుతుంది.

షాదీఖానా తాళం తీద్దాం

ఒక్క ఇల్లు ఒంటరిగా చేయలేని పనిని పదిళ్ళు కలిసి తేలికగా చేయగలవు. తోడు లేకపోవడమే ఈ చదువులో పెద్ద లోటని చెప్పుకున్నాము. ఆ తోడు మొహల్లాయే ఇవ్వాలి.

మన పట్టణాలలో అనేకచోట్ల ఉర్దూఘర్-షాదీఖానాలు కట్టించారు. పెళ్ళిళ్ళు ఉన్న రోజున కళకళలాడతాయి. మిగిలిన రోజుల్లో తాళమే. ఆ భవనంలో ఒక గది, నాలుగు బల్లలు, ఒక ఇంటర్నెట్ కనెక్షను. సాయంత్రం అబ్బాయిలకు, పగటిపూట అమ్మాయిలకు వేరువేరు వేళలు. అందరూ ఒకే కోర్సు, ఒకే వారం పాఠం. వారానికి ఒకసారి, మన మధ్యే ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు గంటసేపు కూర్చొని పిల్లలు రాసిన ప్రోగ్రాములు చూసిపెట్టాలి. దూరాన ఉన్నవారైతే వీడియోలో చూడవచ్చు. అమెరికాలో, సౌదీలో, దుబాయిలో స్థిరపడిన మనవాళ్ళు ఊరు వచ్చినప్పుడు ఏం చేయమంటారని అడుగుతుంటారు. డబ్బు కాదు, వారానికి ఒక గంట ఇవ్వమని అడుగుదాం. ఒక వలీమా విందులో మిగిలిపోయే అన్నం ఖరీదు పెట్టదు ఈ గదికి ఏడాది ఖర్చు. షాదీఖానా దొరకని చోట ఒకరి ముందుగది చాలు, అయిదుగురు పిల్లలు చాలు.

మళ్ళీ మన దర్జీ దగ్గరికి వద్దాం. ఆయన అనుమానం మేము చెప్పిన తేదీలతోనూ పేర్లతోనూ తీరలేదు. అప్పుడు మేము ఒక్కటే అడిగాము. "మీరు ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు?" "ఉస్తాద్ దగ్గర" అన్నాడు. "ఎంత ఫీజు కట్టారు?" ఆయన నవ్వాడు. "ఫీజేమిటి భాయ్‌సాబ్! మూడేళ్ళు కాజాలు కుట్టాను, గుండీలు వేశాను. ఆ తర్వాత గాని కత్తెర చేతికివ్వలేదు." ఆ మాట అన్న తర్వాత ఆయనే కాసేపు ఆలోచనలో పడ్డాడు. ఊరికే దొరికిన విద్యే ముప్పై ఏళ్ళుగా ఆయన ఇల్లు నడుపుతోంది. అది ఊరికే రాలేదనీ ఆయనకు తెలుసు.

గాజులు తాకట్టుకు వెళ్ళలేదు. వాడిన ల్యాప్‌టాప్ ఒకటి వచ్చింది. కొట్టు వెనకాల, బట్టల మూటలు సర్ది ఒక మూల ఖాళీ చేశారు. అన్నతో పాటు చెల్లెలు కూడా కూర్చుంటోంది. ఇద్దరూ కలిసి తండ్రి కొలతల పుస్తకాన్ని ప్రోగ్రాముగా రాశారు. ఖాతాదారు పేరు కొడితే పోయిన ఈదుకు కుట్టిన షేర్వాణీ కొలతలు తెర మీదికి వస్తాయి. అబ్బాయికి ఉద్యోగం ఇంకా రాలేదు. రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళివచ్చాడు, మూడోదానికి సిద్ధమవుతున్నాడు. తప్పు ఎక్కడ పోయిందో వెతికి పెట్టడంలో తనకంటే చెల్లెలే చురుకని అతనే మాతో చెప్పాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. ఈ రాత్రి భోజనాల దగ్గర వారిని అడగండి, ఏం నేర్చుకోవాలనుకుంటున్నారని. రేపు ఫజ్ర్ తర్వాత రెండు గంటలు వారికి వదిలిపెట్టండి. ఇన్షా అల్లాహ్, మిగతా దారి వారే వెతుక్కుంటారు.